పంకజాక్షి ఇయ్యనన్న కుక్క

తిరపతిలో మనుషులకు సత్రాలకేం కొదవ? వీధికి రెండుండాయి. కుక్కలకు మాత్రం ఒకటే. అలిపిరికి పోయే దావలో, టైర్ల అంగడి పక్క సందులో, నీలం రంగు గేటు. బోర్డు మీద ‘జయంతి పెంపుడు జంతువుల బస’ అని ఇంతింత అక్షరాలతో రాయించినారు గానీ, ఆటోవాళ్ళు ఎవురన్నా ఆ పేరు పలికితే ఒట్టు. ‘కుక్కల సత్రమా? ఎక్కండి సార్’ అంటారు, అంతే.

కుక్కల్ని కొండ మీదికి పోనియ్యరు. ఆ సంగతి తెలీక బెంగుళూరు నించి, మద్రాసు నించి కుక్కను కార్లో పక్కన కూర్చోబెట్టుకోని వచ్చేవాళ్ళు అలిపిరి కాడ తల పట్టుకోని నిలబడతారు. ఎవురో ఒకరు ఈ సందు చూపిస్తారు. ఈడ కుక్కను విడిచి, పైకి పోయి, మొక్కు తీర్చుకోని, రెండోరోజు దిగొచ్చి తీసకపోతారు. ఆ రెండ్రోజులూ ఆ కుక్కకు అమ్మా నాయనా అన్నీ పంకజాక్షే.

పంకజాక్షికి ముప్పై మూడేండ్లు. పొట్టిగా, బొద్దుగా, రెండు జడలేసుకోని ఉంటాది. ఊరు నగరి. మరమగ్గాల ఇంట్లో ఒక్కతే బిడ్డ. పుట్టినప్పటి నించి బుద్ధి ఎదుగుదల నిదానం అని డాక్టర్లు చెప్పినారు. మాట నిదానం. చదువు మూడో తరగతి కాడ ఆగిపోయింది. ఇది వింటానే ‘అయ్యో పాపం’ అని నాలుక చప్పరించేవాళ్ళు దయచేసి సందు మొదట్లోనే ఆగిపోండి. లోపల తొమ్మిది కుక్కలకు నీళ్ళు పెట్టాల, రెండిటికి బొచ్చు దువ్వాల, ఒకదానికి చెవిలో మందు పొయ్యాల. మీ జాలి వినేదానికి ఆమెకు తీరికుండదు.

ఈ సత్రం పెట్టిన జయంతి పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైన మనిషి. గట్టి గొంతు, మోకాళ్ళ నొప్పులు. పనికి మనుషుల్ని పెట్టుకునేటప్పుడు, బుద్ధిమాంద్యం ఉండే పెద్దవాళ్ళకు పని నేర్పించే సెంటరుకు పోయి ఇద్దరిని అడిగి తెచ్చుకునింది. ఒకరు పంకజాక్షి. ఇంకొకరు కిరణ్, ఇరవై ఎనిమిదేండ్ల మనిషి. కిరణ్ ఎవురి మొహమూ చూసి మాట్లాడడు. కానీ టైము దగ్గర గడియారమన్నా తప్పుతాదేమో గానీ కిరణ్ తప్పడు. పన్నెండున్నరకు బువ్వంటే పన్నెండున్నరకే. భూకంపం వచ్చినా గిన్నెలు బయటికి వస్తాయి.

‘పుణ్యం చేసుకుంటా ఉండావమ్మా’ అని ఎవురో అంటే జయంతి కస్సుమనింది. ‘పుణ్యం గావాలంటే కొండకు పోతా. నాకు పని గావాల. ఈ పిల్ల మాదిరి చేసేవాళ్ళను ఒకరిని తెచ్చి చూపించు, సూస్తా’ అనింది.

ఆ మాటలో అతి ఏమీ లేదు. మొదటి వారంలోనే తేలిపోయింది. హైదరాబాదు నించి వచ్చిన కుక్క ఒకటి రెండు పూటలు మెతుకు ముట్టలే. సర్టిఫికెట్టులో దాని పేరు అలెగ్జాండర్. జయంతి ‘అలెగ్జాండర్, అలెగ్జాండర్’ అని గొంతు పోయేట్టు బతిమలాడింది. అది గోడ తట్టు తిరిగి పడుకునింది. పంకజాక్షి దాని పక్కన చతికిలబడి చానాసేపు చూసి, ‘అక్కా, ఇంట్లో దీన్ని ఏమంటారో అడుగు’ అనింది. ఫోన్ చేసి అడిగితే, ఆ ఇంట్లో దాన్ని బుడంకాయ్ అంటారంట. ‘బుడంకాయ్, బువ్వ తిందువు రా’ అని పంకజాక్షి అనిందో లేదో, అది లేచొచ్చి గిన్నెలో మూతి పెట్టేసింది.

అప్పటి నించి అది సత్రం పద్ధతైంది. కుక్కను విడిచేటప్పుడు దాని ఇంటి పేరు, అంటే ఇంట్లో పిలిచే పేరు, పంకజాక్షి చెవిలో చెప్పిపోవాల. వచ్చిన కుక్కలన్నిటి పేర్లూ ఆమెకు నోటికే. పోయిన ఉగాదికి వచ్చిన కుక్క మళ్ళా ఈ ఉగాదికి వస్తే, గేటు కాడే పేరు పెట్టి పిలస్తాది. లెక్కలు రానిదానికి ఇదెట్ల వస్తాదని అడగబాకండి, నాకూ తెల్దు.

జయంతి తెలివి ఇంకో దగ్గర బోర్లా పడింది. కుక్కను తప్పు మనిషికి ఇయ్యకుండా ఉండేదానికని, విడిచిపెట్టే వాళ్ళను కుక్కతో కలిపి ఫోటో తీసి, నోటుబుక్కులో అతికించింది. బ్రహ్మాండమైన ఏర్పాటు అని తానే మెచ్చుకునింది. రెండోరోజు వాళ్ళంతా దిగొచ్చినారు. అందరూ గుండ్లే! ఫోటోలో గిరజాల జుట్టు, గేటు కాడ గంధం పూసిన బోడి తల. జయంతి నోటుబుక్కును చూస్తాది, గుండ్లను చూస్తాది. ‘తిరపతిలో పుట్టి, తిరపతిలో పెరిగి, నాకు ఈ మాత్రం తోచలేదే!’ అని నెత్తి కొట్టుకునింది. వారం దినాలు సందంతా అదే నవ్వు.

దాంతో ఫోటోలు పోయి బిళ్ళలు వచ్చినాయి. కుక్క మెడలో ఒక నెంబరు బిళ్ళ, మనిషి చేతిలో అదే నెంబరు బిళ్ళ. బిళ్ళ పోగొట్టుకోనొస్తే ఇంటి పేరు చెప్పాల. రెండూ లేకపోతే కుక్కను ఇయ్యరు. ఇదీ గేటు పని. ఇన్నాళ్ళూ ఆ పని జయంతే చేస్తా ఉండింది. కానీ మోకాళ్ళు మొరాయించినాయి. ‘ఇంగ గేటు నువ్వే సూసుకో మే’ అని పంకజాక్షితో అనింది.

పంకజాక్షికి ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలే. గేటు తాళంచెవి పైట కొంగుకు కట్టుకునేదానికని, చుడీదార్లు మానేసి చీర కట్టడం మొదలుపెట్టింది. 

ఈ సంగతి నగరికి తెలిసింది. వాళ్ళ నాయన రామలింగయ్య గుండెల్లో రాయి పడింది. ‘ఏ పనైనా సెప్పు తల్లీ, అప్పజెప్పే పని మాత్రం దానికొద్దు’ అని జయంతికి ఫోన్ చేసి మొత్తుకున్యాడు. ‘అడిగితే చాలు, ఎవురికైనా ఇచ్చేస్తాది. కాదనేది దానికి పుట్టుకతోనే లేదు.’

ఆయన ఊరికే అనలే. పంకజాక్షి పందొమ్మిదేండ్లప్పుడు, ఇంట్లో ఎవురూ లేకుండా చూసి ఒకడు వాకిట్లోకొచ్చి, ‘మీ నాయన లుంగీల మూట తెమ్మన్యాడు పాపా’ అన్యాడు. మూడు వారాల నేత. పంకజాక్షి మూట ఇచ్చి, ఎండగా ఉండాదని గొడుగు గూడా ఇచ్చి పంపించింది. ఇంకోసారి బస్టాండులో ఒకామె ‘కమ్మలు బలే ఉండాయే’ అంటే తీసి చేతిలో పెట్టేసింది. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు పంకజాక్షిని వాకిట్లో ఒంటరిగా నిలబడనియ్యలే. కొట్టలేదు, తిట్టలేదు. ‘ఈ బిడ్డ చేతిలో ఏదీ నిలవదు’ అన్యాడు నాయన. పద్నాలుగేండ్లు ఆ మాట ఇంట్లో వినబడతానే ఉండింది. పంకజాక్షి అందరికంటే బాగా వినింది.

చివరకు జయంతీ రామలింగయ్యా ఒక మాటకొచ్చినారు. అమావాస్య దాకా చూద్దాం. అమావాస్యకు మగ్గాలు ఆపుతారు గాబట్టి ఆ పొద్దు రామలింగయ్య తిరపతికొస్తాడు. ఆ లోపల ఒక్క కుక్క తప్పు చేతికి పోయినా, బిడ్డను నగరికి తీసకపోతాడు. అంతా సక్కంగా ఉంటే గేటు ఆమెదే. ఈ మాట పంకజాక్షికీ చెప్పినారు. ఆమె తాళంచెవిని పిడికిట్లో పట్టుకోని తల ఊపింది.

అమావాస్యకు రెండ్రోజుల ముందు చిత్తూరు నించి రెండు కార్లలో ఒక కుటుంబం దిగింది. పెద్దాయన పేరు మోహన్‌కృష్ణ. మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఓనరు. ఆరడుగుల మనిషి, నిమ్మకాయ నిలబెట్టే మీసం. ఇద్దరు అల్లుళ్ళు ఆయన వెనకాల చేతులు కట్టుకోని నిలబడి ఉండారు. కుక్క దూడంత ఉండాది, పేరు మేజర్. ఆయన భార్య లీలావతి బిళ్ళ తీసుకోని హ్యాండ్‌బ్యాగులో వేసుకునింది. అందరూ కారెక్కినాక మోహన్‌కృష్ణ ఏదో మర్చిపోయినట్టు వెనక్కొచ్చినాడు. అటూ ఇటూ చూసి, వొంగి, పంకజాక్షి చెవిలో కుక్క ఇంటి పేరు చెప్పినాడు.

‘ఎవురికీ చెప్పొద్దు పాపా. అల్లుళ్ళకు తెలిస్తే నా మర్యాద పోతాది’ అన్యాడు.

‘సెప్పనప్పా’ అని పంకజాక్షి నెత్తి మీద చెయ్యి పెట్టుకునింది.

అమావాస్య వచ్చింది. జయంతి వాళ్ళక్కతో కలిసి రాహుకేతు పూజకని తెల్లారే శ్రీకాళహస్తి బస్సెక్కింది. ‘గేటు జాగ్రత్త మే. మధ్యాన్నానికి వచ్చేస్తా’ అనింది. సత్రంలో పంకజాక్షీ, కిరణూ, ఏడు కుక్కలూ. పదకొండు లోపల బెంగుళూరు వాళ్ళు వచ్చి బిళ్ళ చూపించి వాళ్ళ కుక్కను తీసకపోయినారు. నెల్లూరు వాళ్ళు వచ్చి తీసకపోయినారు. పంకజాక్షి ఒక్కొక్క కుక్కకూ ‘పోయిరా నాయనా’ అని చెప్పి, గేటు వేసి తాళం బిగించి, రెండుసార్లు లాగి చూసింది.

పన్నెండుకు ఒక కారు వచ్చి ఆగింది. పంచె కట్టుకున్న మనిషి ఒకడు దిగినాడు. గుండు, గుండు నిండా గంధం. మీసం లేదు. మొహం ఒలిచిన కోడిగుడ్డు మాదిరి ఉండాది. గోవిందలు కొట్టి కొట్టి గొంతు బొంగురు పోయింది. వెనకాల ఇంకో రెండు గుండ్లు.

‘పాపా, మేజర్‌ను తీసకరా’ అన్యాడు.

‘బిళ్ళ?’ అనింది పంకజాక్షి.

‘మా ఇంటామె కాడుండాది. ఆమె లడ్ల క్యూలో ఉండాది, వెనక కార్లో వస్తాది. ఫోను చార్జింగు అయిపోయినట్టుండాది, తగల్లేదు. నువ్వు కుక్కను తీసకరామ్మా, రెండ్రోజులైంది చూసి.’

‘బిళ్ళ లేకపోతే ఇంటి పేరు సెప్పప్పా.’

ఆ మనిషి వెనక్కి తిరిగి చూసినాడు. రెండు గుండ్లూ ఆసక్తిగా ముందుకొచ్చినాయి. ఆయన దగ్గినాడు. ‘మేజర్’ అన్యాడు.

‘అది గాదు.’

‘మేజరేనమ్మా!’

‘అది గాదప్పా.’

అంతే, ఆయనకు కోపం నషాళానికెక్కింది. ‘నేనెవురనుకున్యావు? నా కుక్కకు నేను పరీక్ష రాయాలనా? తియ్ గేటు!’ అని ఇనుప గేటును అదిరేట్టు కొట్టినాడు. లోపల కుక్కలన్నీ లేచినాయి. సందులో జనం చేరినారు. టైర్ల అంగడి వాళ్ళు పని ఆపేసి వచ్చి నిలబడినారు. పంకజాక్షి గేటు కాడ నించి ఒకడుగు వెనక్కేసింది. పెద్ద గొంతు వింటే ఆమెకు చిన్నప్పటి నించి భయం. ఎవురన్నా అరస్తే, అడిగింది ఇచ్చేస్తే అరుపు ఆగిపోతాదని ఆమెకు తెలుసు. ఇన్నేండ్లూ ఆమె చేసింది అదే. చెయ్యి తనంతట తానే కొంగు కాడికి పోయింది.

కానీ ఆ మీసాలాయన చెవిలో చెప్పిపోయినాడు గదా. ఆయనొచ్చి నా కుక్క యాడని అడిగితే ఏం చెప్పాల? చెయ్యి కిందికి దించేసింది.

‘ఇయ్యను’ అనింది. గొంతు బయటికి రాలే. మళ్ళా అనింది, ‘ఇయ్యను.’

వెనకాల గుండ్లలో ఒకడు బోర్డు మీద నెంబరు చూసి జయంతికి ఫోన్ చేసినాడు. నాలుగోసారికి ఎత్తింది. గుండాయన ఫోను లాక్కోని ఉన్నదంతా అరిచి చెప్పినాడు. జయంతి హడలిపోయింది. చిత్తూరు పెద్దమనిషి, రెండు కార్లు, ఫ్యాక్టరీ. ‘పంకజాకు ఇయ్యండి సార్’ అనింది. ఫోను గేటు సందులో నించి లోపలికొచ్చింది.

‘ఆయనే మే, నాకు తెలస్తా ఉండాది. ఇచ్చెయ్.’

‘పేరు సెప్పలేదక్కా.’

‘ఆ పేరేందో నాకు చెప్పు, నేనడుగుతా.’

‘సెప్పను. ఎవురికీ సెప్పొద్దన్యాడు ఆ మీసాలాయన.’

గేటు బయట గుండాయన మొహం ఎట్లనో అయిపోయింది. చెయ్యి పైపెదవి కాడికి పోయింది, ఆడేమీ లేదు. తన మర్యాదను కాపాడతా ఉండే మనిషినే తాను తిడతా ఉండాడని అప్పుడు తెలిసొచ్చింది పాపం. అయినా అల్లుళ్ళ ముందర ఆ పేరు పలికేదెట్ల?

సరిగ్గా అప్పుడు సందు మొదట్లో రామలింగయ్య కనబడినాడు. చేతిలో గుడ్డసంచి. గేటు కాడ జనం, అరుపులు, లోపల బిడ్డ ఏడుపు మొహం. అనుకున్యంతా అయిందనుకున్యాడు. పరిగెత్తుకోని వచ్చి, సంగతేందో సగమే విని, గుండాయనకు రెండు చేతులూ జోడించినాడు. ‘సామీ, మా బిడ్డకు తెల్దు, మనసులో పెట్టుకోవద్దండి’ అని, గేటు తట్టు తిరిగినాడు.

‘ఇచ్చెయ్ పంకజా. నాయన సెప్తా ఉండా గదమ్మా. పెద్దోళ్ళ కుక్క. ఇచ్చెయ్, మనం ఇంటికి పోదాం.’

పంకజాక్షి కండ్లల్లో నించి నీళ్ళు కారిపోతా ఉండాయి. నాయన మాటకు ఎదురు చెప్పింది ఆమె ఎరగదు. నాయనంటే ప్రాణం. తాళంచెవిని పిడికిట్లో ఎంత గట్టిగా పట్టుకునిందంటే, చెయ్యి ఎర్రగా కమిలిపోయింది.

‘నాయనా, నువ్వు సెప్పినా ఇయ్యను’ అనింది. ‘పేరు సెప్పాల. సెప్పకపోతే ఇయ్యను. ఎవురు సెప్పినా ఇయ్యను.’

రామలింగయ్య గుడ్డసంచి కింద పెట్టేసినాడు.

‘పన్నెండున్నర!’ అని లోపల నించి కిరణ్ కేకేసినాడు. గిన్నెలు గలగలమన్యాయి. కుక్కల గదుల తలుపులు ఒకటొకటే తెరుచుకుంటా ఉంటే, మేజర్ బయటికొచ్చి, గిన్నెను దాటుకోని సీదా గేటు తట్టు ఉరికింది. ‘అదో, వస్తా ఉండాది! నన్ను గుర్తు పట్టింది!’ అని గుండాయన చేతులు చాపినాడు. మేజర్ గేటు కాడ ఆగి, ఆ కోడిగుడ్డు మొహాన్ని కింద నించి పైదాకా చూసి, గంధం వాసనకు తికమకపడి, పండ్లు బయటపెట్టి గుర్రుమనింది.

ఆయన రెండడుగులు వెనక్కేసినాడు. కోపమంతా యాడికి పోయిందో, మొహం చిన్నపిల్లోడి మాదిరి అయిపోయింది. ‘నన్ను గదా... నన్నే మర్చిపోయినావా’ అన్యాడు. పంకజాక్షికి ఆయన్ని చూసి గుండె తరుక్కుపోయింది. గేటు కమ్మీల కాడికొచ్చి, కొంగుతో కండ్లు తుడుచుకోని, మెల్లగా అనింది.

‘పిలువప్పా. ఒక్కసారి పిలువు. నిజంగా నీదే అయితే అది ఆగదు.’

మోహన్‌కృష్ణ అల్లుళ్ళను చూసినాడు. జనాన్ని చూసినాడు. ‘మీరంతా కాస్త అట్ల తిరుక్కోండయ్యా’ అన్యాడు. అందరూ తిరుక్కున్యారు, చెవులు మాత్రం ఈడనే పెట్టినారు. ఆ ఆరడుగుల మనిషి పంచె సర్దుకోని, సందులో దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చోని, కమ్మీలకు మొహం ఆనించి పిలిచినాడు.

‘నేతిముద్దా... ఓ నా నేతిముద్దా... బువ్వ తిన్యావా బంగారూ... నాయనొచ్చినా గదా...’

అబ్బో, ఇంగ ఆ దూడంత కుక్క చేసిన గలాటా చూడాల! కుయ్యోమని గేటు మీదికెగిరి, కమ్మీల సందులో నించి ఆయన గుండంతా నాకి, గంధమంతా తుడిచిపెట్టేసింది. పంకజాక్షి తాళం తీసింది. కుక్కా మనిషీ ఒకరి మీద ఒకరు పడి దొర్లినారు. చిన్నల్లుడు గోడ పట్టుకోని నవ్వతా ఉండాడు, పెద్దల్లుడు నవ్వలేక, నవ్వు ఆపలేక దగ్గతా ఉండాడు. టైర్ల అంగడి వాళ్ళయితే ‘నేతిముద్దా!’ అని అప్పుడే ఒకరినొకరు పిలుచుకుంటా ఉండారు.

‘ఇప్పుడు నీదే అప్పా, తీసకపో’ అనింది పంకజాక్షి.

ఆయన లేచి దుమ్ము దులుపుకున్యాడు. రామలింగయ్య తట్టు తిరిగినాడు. ‘ఈమె మీ బిడ్డా? నేను గేటు ఊడబెరికే మాదిరి అరిచినా. మా ఫ్యాక్టరీలో నేను దగ్గితే చాలు, గోడౌను తాళాలు తెచ్చి చేతిలో పెట్టేస్తారు’ అన్యాడు. లీలావతి లడ్లతో దిగేసరికి ఆయన ఇంకా ఆడనే, నేతిముద్ద మెడ పట్టుకోని, నిలబడే ఉండాడు. ఆమె సంగతంతా విని, బిళ్ళ తీసి పంకజాక్షి చేతికిచ్చి, పక్కున నవ్వింది.

రెండు గంటలకు జయంతి ఒగరుస్తా ఆటో దిగింది. జరిగింది విని అరుగు మీద కూలబడింది. ‘నేను ఇచ్చెయ్‌మనింది తప్పు మే. నువ్వు పట్టిందే పద్ధతి’ అని అందరి ముందరా ఒప్పుకునింది. ఆమె తప్పు ఒప్పుకునేది సందులో వాళ్ళు చూడడం అదే మొదలు.

రామలింగయ్య, జయంతి పెట్టిన సంగటి తినమంటే తిన్యాడు, నీళ్ళిస్తే తాగినాడు. తర్వాత బిడ్డ కాడికి పోయినాడు. పంకజాక్షి కొళాయి కింద గిన్నెలు తోముతా ఉండాది.

‘ఇంటికి పోదామా పంకజా?’ అన్యాడు.

‘లేదు నాయనా’ అనింది, తల ఎత్తకుండానే. ‘సాయంత్రం ఇంగా రెండు కుక్కల్ని అప్పజెప్పాల.’

ఆయన గేటు బయటికొచ్చి ఫోన్ తీసి, నగరిలో భార్య ఆనందమ్మకు చేసినాడు. ఆయనకు చెవులు మందం, మగ్గాల మోతలో బతికిన మనిషి. మెల్లగా మాట్లాడేది రాదు. పంకజాక్షికి గిన్నెల కాడికి ప్రతి మాటా వినబడింది.

‘ఆనందా! తీసకరాలే... లేదే, తప్పేమీ చెయ్యలే. ఇను నువ్వు. ఆయప్ప అరిచినాడు, ఇయ్యలే. జయంతమ్మ సెప్పింది, ఇయ్యలే. నేనడిగినా మే, నేను! నేనడిగినా ఇయ్యలే!’

చెప్తా చెప్తానే నవ్వతా ఉండాడు, భుజం మీద తువ్వాలతో కండ్లు ఒత్తుకుంటా ఉండాడు. అవతల ఆనందమ్మకు అర్థం కాలేదేమో, మళ్ళా మొదటి నించి చెప్పడం మొదలుపెట్టినాడు.